ఐదో గోరు

కాటన్‌పేట, బెంగళూరు
12 జూన్ 2025

పెద్దమ్మకి,

ఉద్యోగంలో చేరి పది రోజులైంది, ఇప్పుడా రాయడం అని తిడతావని తెలుసు. తిట్టు. అమ్మకైతే నెల్లూరుకి ఒక్క ఫోన్ కొడితే అయిపోతుంది. నీకు చెప్పాలంటే కాగితం కావాలి, పెన్ను కావాలి, కూర్చోడానికి చోటు కావాలి. కప్పుల ఫ్యాక్టరీ మిల్లు మోతకి నీ చెవులు పోవడమేమో గానీ, ఇంత పెద్ద ఊళ్ళో స్పీడ్‌పోస్టు క్యూలో చేతిరాత ఉత్తరం పట్టుకుని నిలబడేదాన్ని నేనొక్కదాన్నే.

మా ఓనరు పేరు అభిజిత్. కాటన్‌పేటలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం, తెలుగువాళ్ళే. వాళ్ళ తాతగారు వేలాల్లో కొని పోగేసిన చైనా పింగాణీ అంతా పెట్టి దేవనహళ్ళి దగ్గర మ్యూజియం కడుతున్నాడు. సెప్టెంబరు ఇరవైన ప్రారంభం. అందాకా సామానంతా ఇక్కడ పాత గోడౌను మేడమీద ఉంది. విరిగినవీ అరిగినవీ బాగుచెయ్యడం నా పని. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరికి అసిస్టెంటునే. మొదటిసారి రికార్డులో నా పేరు ఉంటుంది.

ఏం సామాను పెద్దమ్మా! ఒక గిన్నె అడుగున అచ్చుతో తీసి అతికించిన రెండు చేపలు, పైన గాజులా మెరిసే పచ్చటి గ్లేజు పూత. నీళ్ళు పోస్తే కదులుతున్నట్టే ఉంటాయి. ఒక కప్పు మీద ఐదు ఎర్ర గబ్బిలాలు. గబ్బిలం ఇంట్లోకొస్తే మనం చీపురు తీస్తాం, వాళ్ళకి అది శుభమట. ఇంకో గిన్నె తెల్లగా, బోసిగా ఉంది. దీన్నెందుకు దాచారా అనుకుంటుంటే, ఇక్కడ ముప్పై ఏళ్ళుగా ప్యాకింగు చేస్తున్న రామాంజినప్ప దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "చూడమ్మా, లోపల పాము ఉండాది" అన్నాడు. నిజంగానే ఉంది. పచ్చి మట్టి మీద సూదితో గీసినంత సన్నగా గీసి, తెల్ల గ్లేజు పోసేశారు. పాము కాదు తాతా, డ్రాగన్ అంటే, "కాళ్ళుండే పాము, అంతే కదా" అని తేల్చేశాడు.

అసలైంది ఒక పెద్ద జాడీ. నాలుగు వందల ఏళ్ళ పైమాటే. కోబాల్ట్ నీలంతో గీసి, దాని మీద గ్లేజు పోసి కాల్చింది. చుట్టూ అలలు, మధ్యలో డ్రాగన్. మెడ దగ్గర బీట ఉంది, ఒంటి మీద అక్కడక్కడా పెచ్చులు లేచాయి. దాన్ని ముట్టుకోవాలంటే భయంగానూ ఉంది, చెప్పలేనంత సంతోషంగానూ ఉంది.

నీ జెస్సీ

•

గూడూరు
18 జూన్ 2025

జెస్సీ,

పది రోజులు కాదు, నీ ఉత్తరం అందేసరికి పదిహేను. సరే, తిట్టడం అయిపోయింది.

ముప్పై ఒక్క ఏళ్ళు కప్పుల మీద గులాబీలు వేశాను. ఒక్కడంటే ఒక్కడు డ్రాగన్ వెయ్యవే సారమ్మా అని అడగలేదు. మాది గ్లేజు మీద రంగు పూసి మళ్ళీ బట్టీలో పెట్టే పని. తప్పు పోతే కాల్చే ముందు తుడుచుకోవచ్చు. నువ్వు చెప్పేవాళ్ళది గ్లేజు కింద రంగు. పచ్చి మట్టి మీద కుంచె పెట్టారంటే అంతే, వెనక్కి తీసుకోలేరు. దాన్ని చెరపాలంటే పైనున్న గ్లేజుతో సహా గీకాలి. ఎంత ధైర్యం కావాలో చూడు.

నీకు ఆరేళ్ళప్పుడు నా పక్కన పీట వేసుకుని కూర్చునేదానివి, గుర్తుందా? గ్లేజులో నల్లచుక్క వచ్చిన కప్పు నాసిరకం సెకండ్స్ బుట్టలో పడకుండా దాని మీద సీతాకోకచిలుకని వేసేవాళ్ళం. నువ్వే చుక్కలు వెతికి పెట్టేదానివి. ఆ కన్ను ఇప్పుడు అన్నం పెడుతోంది.

వాట్సాప్ నేర్చుకో అని మళ్ళీ అనకు. టైపు చేసిన అక్షరాలన్నీ ఒకేలా ఉంటాయి, మనిషి కనబడదు. వేళకి తిను.

పెద్దమ్మ

•

కాటన్‌పేట
20 జులై 2025

పెద్దమ్మా, పెద్దమ్మా!

జాడీ అయిపోయింది! మెడ బీట అతికించాను, పెచ్చులు పూడ్చాను. అన్నిటికంటే కష్టం డ్రాగన్ గోళ్ళు. ఒక్కో కాలికి నాలుగు గోళ్ళు నిక్షేపంలా ఉన్నాయి, ఐదోదాని చోట తెల్లటి మచ్చ. జాడీని ఇసుక సంచుల మీద పడుకోబెట్టి, రోజుకో కాలు చొప్పున నాలుగు రోజులు చేశాను. రెసిన్ జిగురు నింపి, ఆరాక నునుపు చేసి, నీలం సరిగ్గా కలిపి, ఊపిరి బిగబట్టి ఒక్క గీతలో గోరు. పైన గ్లేజులాంటి మెరుపు. అభిజిత్ భూతద్దం పెట్టి వెతికినా ఎక్కడ చేశానో దొరకలేదు. నువ్వు నేర్పిన చెయ్యే ఇది, మచ్చ కనబడితే ఆగదు.

ఇంకో సంగతి. ఐదు గోళ్ళ డ్రాగన్ చైనా చక్రవర్తికే. మిగతావాళ్ళు నాలుగుతో సరిపెట్టుకోవాలి. చదువుకునేటప్పుడు విన్నాను గానీ చేత్తో ముట్టుకుంటానని అనుకోలేదు. అంటే ఇది రాజుగారి జాడీ! బ్రోచర్ అట్ట మీద దాని ఫోటోయే వేయిస్తున్నాడు. విదేశాల నుంచి పింగాణీ నిపుణులు కూడా వస్తున్నారట ప్రారంభానికి.

ఈ ఆదివారం చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలు ఇదీ అని సాక్ష్యం చెప్పాలనిపించింది. చెప్పలేదులే, సిగ్గేసింది.

నీ జెస్సీ

•

గూడూరు
26 జులై 2025

జెస్సీ బంగారం,

ఉత్తరం మూడుసార్లు చదివాను. పక్కింటావిడకి కూడా చదివి వినిపించాను, ఆవిడ అడగకపోయినా.

ఒక్కటి మాత్రం బుర్రలో తిరుగుతోంది. సామాను వాడకంలో అరిగితే పొడుచుకొచ్చిన చోటంతా అరుగుతుంది. దేనికైనా తగిలి పెచ్చు లేస్తే పక్క గీతని కూడా పట్టుకుపోతుంది. నాలుగు కాళ్ళకీ సరిగ్గా ఒక్కో గోరే పోవడమేమిటి? పక్క గోరు మీద గీటైనా పడకుండా? ఎవరైనా కూర్చుని గీకారా?

నేను అంత గొప్ప సామాను చూసినదాన్ని కాదు. చాదస్తం అనుకుంటే వదిలెయ్.

పెద్దమ్మ

•

కాటన్‌పేట
5 ఆగస్టు 2025

పెద్దమ్మకి,

నేను బాగున్నాను. ఇక్కడ రోజూ సాయంత్రం వాన. పని చాలా ఉంది, అందుకే ఎక్కువ రాయలేకపోతున్నాను. జాడీ బాగుంది. అమ్మ మోకాలు నొప్పికి మందు మార్చారట. నువ్వు కూడా బీపీ మాత్ర మానకు.

జెస్సీ

•

గూడూరు
11 ఆగస్టు 2025

జెస్సీ,

"జాడీ బాగుంది" అన్న రెండు మాటల దగ్గర పెన్ను ఎంత నొక్కావో చూసుకున్నావా? కాగితం వెనక్కి తిప్పితే వేలికి తగులుతోంది. మిగతా ఉత్తరమంతా తేలిగ్గా ఉంది. నీ తలకట్లు ఎప్పుడూ పైకి లేస్తాయి, ఇందులో అన్నీ వాలిపోయాయి. చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు నాకు.

నా ప్రశ్నకి జవాబు కూడా రాయలేదు. ఏం జరిగింది? దాచకు.

పెద్దమ్మ

•

కాటన్‌పేట
28 ఆగస్టు 2025

పెద్దమ్మా,

నువ్వన్నదే నిజం. ఎవరో కూర్చుని గీకారు.

గోళ్ళ గురించి నువ్వడిగిన ఉత్తరం వచ్చిన రోజే, పని మొదలుపెట్టక ముందు తీసిన ఫోటోలు కంప్యూటర్లో పక్కపక్కన పెట్టాను. నాలుగు కాళ్ళు, నాలుగు మచ్చలు, అన్నీ ఒకే చోట. పెద్దవి చేసి చూస్తే ఆకురాయి గీతలు, అన్నీ ఒకే వైపుకి. రోజుకో కాలు చొప్పున చేశాను కదా, నాలుగూ కలిపి ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్కో మచ్చా నాకు ఒక్కో పెచ్చులాగే కనబడింది. పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. చక్రవర్తి వాడకానికి చేసిన సామాను ఎవరికైనా ఇచ్చి కోట దాటించాలంటే ఐదో గోరు గీకేసిన సందర్భాలున్నాయట. ఆ జాడీ రాజు ఇంట్లోంచి మరొకరి ఇంటికి వెళ్ళిందనడానికి ఉన్న గుర్తు ఆ మచ్చలే. వాటిని నేను రెసిన్‌తో పూడ్చేశాను, ముచ్చటపడుతూ.

అభిజిత్‌కి చెప్పాను. మర్యాదగానే విన్నాడు. "లేనిది పెట్టలేదు కదా జెస్సీ, ఒకప్పుడు ఉన్నదే తిరిగి పెట్టావు. బ్రోచర్లు అచ్చయిపోయాయి. వదిలెయ్" అన్నాడు. నిన్న ఒక కాగితం ఇచ్చాడు. డ్రాగన్ గోళ్ళ దగ్గర ఎలాంటి రిపేరూ జరగలేదు, జాడీ మొదటి నుంచీ ఇలాగే ఉంది అని. కింద నా పేరు. వచ్చే శుక్రవారం, ఐదో తారీకున సంతకం చెయ్యాలి. చెయ్యకపోతే ఉద్యోగం పోతుంది, అదొక్కటే కాదు. ఈ పని చేయించేవాళ్ళు ఈ ఊళ్ళో నలుగురో ఐదుగురో, అందరూ అతని స్నేహితులే.

రోజుకి పదిసార్లు వెళ్ళి జాడీ చూసొస్తున్నాను. నా గోళ్ళు ఎంత బాగా కుదిరాయంటే నాకే దొరకడం లేదు, అదే భయం. నేను సంతకం పెడితే ఇంకెవరికీ ఎప్పటికీ తెలియదు. నిన్న చేపల గిన్నె దింపమంటే నేను ముట్టుకోకుండా రామాంజినప్పని పిలిచాను.

తప్పంతా నాదే. నా చెయ్యి ఊరుకోదు. మూడేళ్ళప్పుడే స్టవ్ మీది పాలగిన్నెని ఒంటి మీదికి లాక్కున్నదాన్ని. మోచేతి మీద ఈ కాలిన మచ్చ చూసినప్పుడల్లా అమ్మ అంటుందిగా, "దీనికి ఆ తొందర పుట్టుకతో వచ్చింది" అని. నిజమే పెద్దమ్మా. నేనంతే.

ఏం చెయ్యాలో చెప్పు. శుక్రవారం లోపల.

జెస్సీ

•

గూడూరు
1 సెప్టెంబరు 2025

జెస్సీ,

సంతకం పెట్టమని చెప్పను, వద్దని చెప్పను. నాకు ఆ అర్హత లేదు. ఎందుకు లేదో ఇది చదివాక నీకే తెలుస్తుంది. నిన్న రాసి చించేశాను. ఇవాళ ఆగకుండా రాస్తాను.

నువ్వు పాలగిన్నె లాక్కోలేదు.

నీకు మూడేళ్ళు. మీ అమ్మ స్టెల్లాకి ఆసుపత్రిలో డ్యూటీ ఉన్నప్పుడు నిన్ను నా దగ్గర వదిలేది. ఆ వారం ఫ్యాక్టరీలో ఒక కప్పు వచ్చింది నా చేతికి, అంచు పల్చగా, ఎంత ముద్దుగా ఉందో. గోటితో కొట్టి చూస్తాం మేము, మంచి కప్పు ఖంగుమంటుంది. అది బొంగురుగా పలికింది. లోపల బీట ఉందన్నమాట. వెంట్రుకంత, అంతే. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. విన్నాను. అయినా పగలగొట్టే బుట్టలో వెయ్యబుద్ధి కాలేదు. ఆ బీట మీద రెక్క వచ్చేలా పసుపు సీతాకోకచిలుక వేసి, కాల్పించి, అడిగి ఇంటికి తెచ్చాను. నీకోసం. నువ్వు రెక్క మీద ముద్దు పెట్టావు.

అందులో వేడి పాలు పోసి నీ చేతికిచ్చి అటు తిరిగాను. కప్పు రెండుగా విడిపోయింది.

మీ అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ముక్కలు తీసి పారేశాను. పిల్ల స్టవ్ మీది గిన్నె లాక్కుందే అన్నాను. నీకు మాటలు సరిగ్గా రావు, కాదనలేవు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో నువ్వు తొందర పిల్లవి, నేను పిల్లని ప్రాణంలా చూసుకున్న పెద్దమ్మని. ఆ తర్వాత కూడా నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని మచ్చల మీద సీతాకోకచిలుకలు వెయ్యడం నేర్పాను చూడు, అదీ నేను.

ఎవరికీ తెలియలేదు. తెలియకపోతే ఏమవుతుంది అని అడుగుతావేమో. క్రిస్మస్ అయినా, పుట్టినరోజైనా, నీ చెయ్యి కంచం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అటు చూడకుండా అన్నం తినడం నేర్చుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు.

తొందర నీది కాదు జెస్సీ. నువ్వంతే కాదు.

సారమ్మ

•

గూడూరు
15 సెప్టెంబరు 2025

జెస్సీ,

ఒకటో తారీకు ఉత్తరం అందిందా? శుక్రవారం ఏమైందో తెలియలేదు. మీ అమ్మ ఫోన్‌లో బాగానే మాట్లాడుతున్నావంది. పోస్ట్‌మ్యాన్ రోజూ మా వీధి మలుపు దాకా వచ్చి వెళ్ళిపోతున్నాడు. ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

సారమ్మ

•

బెంగళూరు
24 సెప్టెంబరు 2025

సారమ్మ గారికి,

అందింది. నాలుగో తారీకునే అందింది. కావాలనే రాయలేదు.

ముందు జాడీ సంగతి. ఐదో తారీకు పదకొండింటికి అభిజిత్ కాగితం తెచ్చాడు. అంతకు ముందు రాత్రంతా ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. తీరా అతను ఎదురుగా నిలబడేసరికి ఒక్క ముక్క గుర్తు రాలేదు. దూది, రెసిన్‌ని కరిగించే ఎసిటోన్ తీసుకుని జాడీ దగ్గర కూర్చున్నాను. "ఏం చేస్తున్నావు" అన్నాడు. "నేను పెట్టింది నేను తీస్తున్నా సార్. ఉన్నదే తిరిగి పెట్టావన్నారు. గీకినవాళ్ళు కూడా ఉన్నారు కదా, వాళ్ళని నేను చెరిపేశాను" అన్నాను. అతను నా చెయ్యి పట్టుకోలేదు. జాడీ పగులుతుందని భయపడ్డాడేమో. నాలుగు గోళ్ళూ తీసెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. వెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది.

రేపట్నుంచి రావద్దన్నాడు. రామాంజినప్ప నా సంచి పట్టుకుని బస్టాండు దాకా వచ్చాడు. "గోరు పోతే పోనీలే తల్లీ, పాము ఉండాది కదా" అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు, నడిరోడ్డు మీద.

ఇప్పుడు శని, ఆదివారాలు బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంట్ పిల్లలకి మట్టి పని నేర్పుతున్నాను. ఇంకా నాలుగు చోట్ల అడిగాను, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. వచ్చే నెల ఏమిటో తెలియదు.

మొన్న ఇరవయ్యో తారీకున మ్యూజియం తెరిచారు. రామాంజినప్ప ఫోన్ చేశాడు. జాడీని పక్కన పెట్టలేకపోయారు, బ్రోచర్ అట్ట మీద అదే ఉంది కదా. అట్ట మీద ఐదు గోళ్ళు, అద్దాల పెట్టెలో నాలుగు. వచ్చినవాళ్ళు లెక్కపెట్టి అడుగుతున్నారట. "నేనే చెప్తా ఉండాను తల్లీ. రాజు ఇల్లు దాటేటప్పుడు గీకేసినారంట సార్, మా జెస్సీమ్మ కనిపెట్టింది అని. బయటి దేశం నుంచి వచ్చినాయన ఆ మచ్చల కాడే అరగంట నిలబడినాడు. అభిజిత్ సారు పక్కనే ఉండాడు, ఏమీ అనలే" అన్నాడు. అనలేదు, అంతే. నన్ను తిరిగి పిలవనూ లేదు.

ఇక నీ ఉత్తరం. కప్పు పగిలినందుకు నాకు కోపం లేదు. నువ్వు కావాలని చెయ్యలేదు. కానీ ఏడో తరగతిలో ల్యాబ్‌లో గాజు గొట్టం పగిలితే, స్కూటీ గోడకి గుద్దితే, ఈ గోళ్ళ విషయంలో కూడా, ప్రతిసారీ ఎవరూ అనకముందే నేనే అనుకున్నాను, నేనంతే అని. అది నువ్వు పెట్టిన మాట. దాన్ని తియ్యడానికి నా దగ్గర ఎసిటోన్ లేదు.

అమ్మకి నేను చెప్పను. నువ్వు చెప్పు, ఎదురుగా కూర్చుని. చెప్పాక రాయి. అప్పటిదాకా రాయకు.

జెస్సీ

•

గూడూరు
6 అక్టోబరు 2025

జెస్సీ,

చెప్పాను.

శనివారం నెల్లూరు బస్సెక్కాను. మీ అమ్మ ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. నా గొంతు ఎంత పైకి వెళ్ళిందో నాకు తెలియదు, పక్కింటి తలుపు తెరుచుకుంది. స్టెల్లా ఆ దుప్పటి మడత పూర్తిచేసి లోపలికి వెళ్ళింది. మందుల డబ్బాలోంచి ఒక పాత మాత్రల సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో దూది, దూదిలో చిటికెన గోరంత పింగాణీ ముక్క. దాని మీద సగం రెక్క. పసుపు.

నాకు వినబడదు కదా, కాగితం తీసుకుని రాసింది. ఆ రోజు కట్టు కట్టేటప్పుడు నీ మోచేతిలోంచి తీసిందట. "పాలగిన్నె మీద సీతాకోకచిలుక ఉండదు కదా అక్కా" అని రాసింది.

మంచం మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదే అన్నాను. "నువ్వు చెబుతావని" అని రాసింది. తెలిసీ పిల్లని ఎందుకన్నావే అంత మాట, పుట్టుకతో వచ్చిన తొందర అని అడిగాను. స్టెల్లా కాగితం రెండో వైపుకి తిప్పింది. తర్వాత రాసింది. "నీ ముందే అనేదాన్ని. తట్టుకోలేక చెప్పేస్తావని. నువ్వు తట్టుకున్నావు. పిల్ల నమ్మేసింది."

నీకు తనూ ఉత్తరం రాస్తానంది. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదట, అందుకే ఆలస్యం. వస్తుంది.

ఆ ముక్కని దీనితో పంపుతున్నాను, మీ అమ్మని అడిగే. అంచు ఇంకా పదునుగానే ఉంది, దూది జాగ్రత్తగా విప్పు. వెలుతురుకి పెట్టి చూస్తే రెక్క కింద బీట కనబడుతుంది. నువ్వు వేసిన గోళ్ళు పది నిమిషాల్లో పోయాయి. ఇది నేను బట్టీలో కాల్పించిన రంగు, నీ దగ్గరున్న ఏ మందుకీ పోదు.

నువ్వు రాస్తే చదువుతాను. రాయకపోతే అడగను. పోస్ట్‌మ్యాన్ కోసం మాత్రం రోజూ గుమ్మంలో కూర్చుంటాను, అది మానలేను.

పెద్దమ్మ అని రాయొచ్చో లేదో తెలియక,
సారమ్మ